సింకును మోయాల్సింది జిగురు కాదు

సెల్‌ఫోను లైటు వేసి వంటగట్టు కిందికి వంగి చూడండి. స్టీలు సింకు అంచు, పైనున్న బండ కలిసే చోట చుట్టూ ఒక జిగురు పట్టీ కనిపిస్తుంది. సింకు వదులైన ఇంట్లో ఆ పట్టీని కాస్త ఓపిగ్గా పరిశీలిస్తే చాలాసార్లు ఒకే సంగతి బయటపడుతుంది. జిగురు తెగలేదు, స్టీలును వదల్లేదు. బండను మాత్రం వదిలేసింది. వదిలిన చోట వేలితో రాస్తే మెత్తటి తెల్లపొడి అంటుకుంటుంది. నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల కొత్తపల్లె వంటి ఊళ్లలో నాపరాయి గట్టుకు బిగించిన సింకులు ఎందుకు ఊగుతాయో తెలుసుకోవాలంటే ఆ పొడి దగ్గరే మొదలుపెట్టాలి.

సింకు ఊగితే ఇంట్లోవాళ్లు మేస్త్రీని అంటారు, మేస్త్రీ సామాను మంచిది కాదంటాడు. మళ్లీ ఓ ట్యూబు జిగురు తెచ్చి పాతదాని మీదే పూస్తారు. నెలలు గడవకముందే మళ్లీ ఊగుతుంది. ఈలోగా కింద అలమరలో చెమ్మ చేరుతుంది, బొద్దింకలు చేరతాయి, చెక్క తలుపు ఉబ్బుతుంది. రోజుకు రెండు మూడు పూటలు అక్కడ నిలబడి బోకులు తోమే మనిషి ఆ చెమ్మలోనే నిలబడాలి. ఇంత ఇబ్బందికి మూలం పనితనం ఒక్కటే కాదు. రాయి, జిగురు, లోహం అనే మూడింటి స్వభావాలూ ఒకదానికొకటి పొసగకపోవడం అసలు కారణం.

రాయితోనే మొదలుపెడదాం, ఎందుకంటే ఈ ప్రాంతంలో రాయి మామూలు విషయం కాదు. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు గనుల్లో నాపరాయి పొరలు పొరలుగా లేస్తుంది. నేలకు పరుస్తారు, గోడకు నిలబెడతారు, గట్టు మీద వేస్తారు. గట్టు కింద నిలువు పలకలూ చాలా ఇళ్లలో అవే. ఈ రాళ్ల మీద భూవిజ్ఞానులకు ఎప్పటినుంచో గురి ఉంది. భారత భూగర్భ సర్వే తరఫున విలియం కింగ్ కడప, కర్నూలు శిలల గురించి 1872లో పెద్ద గ్రంథమే ప్రచురించాడు. కర్నూలు సమూహం అని పిలిచే ఈ శిలల్లో అడుగు నుంచి పైకి వరస చెబితే మన బస్సు రూటు చదివినట్టే ఉంటుంది: బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, అన్నిటికన్నా పైన నంద్యాల షేల్. మన గట్టు మీద బండ సాధారణంగా నార్జి సున్నపురాయి. నార్జి అన్నది కడప జిల్లాలో ఒక ఊరు. 50 కోట్ల ఏళ్లకు మించిన వయసున్న ఈ రాయి ఒకప్పటి లోతులేని సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. అందుకే అది పలకలుగా చీలుతుంది. అందుకే ఈ చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలూ వెలిశాయి.

సున్నపురాయి అంటే రసాయనపరంగా చాలావరకు కాల్షియం కార్బొనేట్. దానికి ఆమ్లం పడదు. ఈ మాట రుజువు చేసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. పాలిష్ లేని ఓ నాపరాయి ముక్క తీసుకుని, గీకి కాస్త పొడి లేపి, దాని మీద నిమ్మరసం చుక్క వేయండి. చెవి దగ్గర పెడితే సన్నగా చిటపట వినిపిస్తుంది, కళ్లు దగ్గర పెడితే బుడగలు కనిపిస్తాయి. అది బొగ్గుపులుసు వాయువు బయటికి రావడం. చుక్క తుడిచాక ఆ చోట నిగారింపు పోయి మచ్చ పడుతుంది. అదే చుక్క గ్రానైటు మీద వేస్తే ఏమీ జరగదు. గ్రానైటులో ఉండేది ప్రధానంగా క్వార్ట్‌జ్, ఫెల్డ్‌స్పార్ ఖనిజాలు. వాటిని నిమ్మకాయ ఏమీ చేయలేదు.

ఇప్పుడు జిగురు సంగతి. హార్డ్‌వేరు కొట్లో సిలికాన్ ట్యూబు అడిగితే చాలాసార్లు చేతికిచ్చేది చవక రకం. గొట్టం మూతి కోయగానే ముక్కుకు పుల్లటి వాసన కొడుతుంది. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిది, అంటే మనం వంటల్లో వాడే వెనిగర్‌లో ఉండే ఆమ్లమే. ఈ రకం సిలికాన్ గాలిలోని తేమను పీల్చుకుని గట్టిపడుతూ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. గాజుకు ఇది అద్భుతంగా అంటుకుంటుంది. కిటికీ అద్దాలకూ, చేపల తొట్లకూ దీన్ని వాడేది అందుకే. నాపరాయి మీద పూసినప్పుడు మాత్రం జిగురు గట్టిపడే క్షణాల్లోనే దాని ఆమ్లం రాయిని తినడం మొదలుపెడుతుంది. రాయికీ జిగురుకూ మధ్య కాల్షియం ఎసిటేట్ అనే పలచటి పొర ఏర్పడుతుంది. పైగా అది నీళ్లలో కరిగే లవణం. సింకు అంచున నీళ్లు నిలవని రోజంటూ ఉండదు కదా. పొర కొంచెం కొంచెంగా కరుగుతుంది, కింద పొడి మిగులుతుంది, జిగురు పట్టీ చెక్కుచెదరకుండా ఉండి కూడా దేన్నీ పట్టుకోకుండా వేలాడుతుంది. సిమెంటుదీ, పాలరాయిదీ ఇదే కథ. సున్నం ఉన్న చోట పుల్లవాసన జిగురు వాడకూడదు.

దీనికి బదులుగా దొరికేది న్యూట్రల్ రకం. అది గట్టిపడేటప్పుడు ఆమ్లం వదలదు. రకాన్ని బట్టి ఆల్కహాలో, ఆక్సైమ్ అనే మరో పదార్థమో వదులుతుంది. ట్యూబు మీద న్యూట్రల్ అన్న మాట చూసుకుని కొనాలి. రాతికి పనికొస్తుందని కూడా రాసి ఉంటే ఇంకా మేలు, ఎందుకంటే కొన్ని సిలికాన్ల నూనె లేతరంగు రాళ్లలోకి ఇంకి అంచున నల్లటి చార మిగులుస్తుంది. ధరలో తేడా ఉంటుంది, నిజమే. అయితే ఒక సింకుకు పట్టేది ఒక్క ట్యూబు. మళ్లీ మళ్లీ మేస్త్రీని పిలిచే కూలి ముందు ఆ తేడా లెక్కలోకి రాదు.

సరైన జిగురు వాడితే చాలా? ఇక్కడ కొంచెం లెక్క వేయాలి. లోపలి కొలత 56 సెంటీమీటర్ల పొడవు, 41 వెడల్పు, 20 లోతు ఉన్న సింకు నిండా నీళ్లు పడితే దాదాపు 46 లీటర్లు, అంటే 46 కిలోలు. తొట్టి బరువుతో కలిపి 50 అనుకుందాం. అంచు చుట్టుకొలత 194 సెంటీమీటర్లు. జిగురు పట్టీ ఒక సెంటీమీటరు వెడల్పు ఉంటే అది పట్టుకున్న మొత్తం జాగా 194 చదరపు సెంటీమీటర్లు. 50 కిలోలను దాని మీద పరిస్తే చదరపు సెంటీమీటరుకు పావు కిలో పైచిలుకు. మామూలు సిలికాన్ తెగడానికి చదరపు సెంటీమీటరుకు 10 కిలోలకు తక్కువ పట్టదు. కాగితం మీద చూస్తే బలం అవసరానికి పదుల రెట్లు ఎక్కువ. అయినా సింకులు జారుతూనే ఉన్నాయి.

లెక్కలో తప్పు లేదు. బరువు అంతటా సమానంగా పడుతుందన్న ఊహలోనే లోపం ఉంది. సింకు రేకు మందం సుమారు ఒక మిల్లీమీటరు. తొట్టిలో బరువు పడగానే ఆ పలచటి అంచు కొద్దిగా వంగుతుంది. వంగినప్పుడు లాగుడంతా తొట్టి వైపున్న జిగురు అంచు మీదికే చేరుతుంది, మిగతా పట్టీ ఖాళీగా కూర్చుంటుంది. సంచి కుట్టు ఒక మూల ఊడితే దారం ఎలా వరసగా లేచిపోతుందో ఇదీ అంతే: ఆ నిమిషానికి బరువంతా ఒక్క పోగు మీదే, అది తెగితే పక్క పోగు మీద. జిగురును నిటారుగా లాగి తెంచడం కష్టం, అంచు నుంచి ఒలవడం సులువు. దీనికి తోడు సిలికాన్ రబ్బరు లాంటి పదార్థం. బరువును గంట మోయమంటే మోస్తుంది. ఏళ్ల తరబడి ఆపకుండా వేలాడదీస్తే నెమ్మదిగా సాగుతుంది. ఒకసారి సాగిన చోట సన్నటి సందు, సందులోకి నీళ్లు, నీళ్లలోని సున్నం ఆరి తెల్లటి చార. ఈ నేలలో బోరు నీళ్లు సున్నపురాళ్ల గుండా ఊరి వస్తాయి కాబట్టి ఆ చార త్వరగానే మందమవుతుంది. పైకి అది సందు మూసుకుపోయినట్టు కనిపిస్తుంది, లోపల మాత్రం అంచు విడిపోతూనే ఉంటుంది.

వేడి మరో దెబ్బ. అన్నం వార్చి మరిగే గంజి సింకులో పోస్తాం. వంటింటి సింకులకు ఎక్కువగా వాడే 304 రకం స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. తుప్పు పట్టకపోవడం దాని గొప్ప, వేడికి బాగా వ్యాకోచించడం దాని లోపం. మీటరు పొడవున్న రేకు ఒక్కో డిగ్రీకి మీటరులో పది లక్షలకు 17 వంతుల చొప్పున పెరుగుతుంది. సున్నపురాయి అందులో సగానికి అటూ ఇటూ. పైగా బండ మందంగా ఉంటుంది కాబట్టి గంజి పోసినంత మాత్రాన అది వేడెక్కదు. 60 సెంటీమీటర్ల సింకు మొత్తం 60 డిగ్రీలు వేడెక్కితే అర మిల్లీమీటరుకు పైగా పొడవు పెరుగుతుంది, బండ దాదాపు కదలదు. అర మిల్లీమీటరు కంటికి ఆనదు. కానీ ఆ రెండింటి మధ్య ఉన్న పదార్థం ప్రతి పూటా ఆ కాస్త దూరం సాగి, మళ్లీ వెనక్కి రావాలి.

తెల్లసిమెంటుతో సింకు అతికించడం ఎందుకు నిలవదో దీన్నిబట్టి అర్థమవుతుంది. అది సాగదు. నున్నటి స్టీలును గట్టిగా పట్టుకోనూ లేదు. కొన్నాళ్లకే జుట్టంత బీట పడుతుంది. రెండు ముద్దలు కలిపి పూసే ఎపాక్సీ చాలా గట్టిది, లోహాన్ని బాగానే పట్టుకుంటుంది. కానీ సింకు చుట్టూ పూర్తిగా పూస్తే అదీ వంగని కట్టుగా మారి ఏదో ఒక మూల బండ పొరను కూడా ఊడదీసుకుని వస్తుంది. సిలికాన్ గొప్పదనం సాగడంలోనే ఉంది. మంచి రకం తన కొలతలో 25 శాతం మేర అటూ ఇటూ సాగి తట్టుకుంటుంది. అయితే సాగడానికి దానికి మందం ఉండాలి. పూసిన జిగురును కింద జాకీ పెట్టి అంతా బయటికి వచ్చేదాకా నొక్కేస్తే మిగిలేది కాగితమంత పొర, దాంట్లో 25 శాతం అంటే ఏమీ లేనట్టే. కనీసం 2 మిల్లీమీటర్ల మందం మిగిలేలా మధ్యమధ్య చిన్న ప్లాస్టిక్ బిళ్లలు పెట్టి ఆనించడం మంచి పద్ధతి. ఎంత గట్టిగా నొక్కితే అంత గట్టిగా అతుకుతుందన్న నమ్మకం చెక్కకు వాడే జిగురు నుంచి వచ్చింది. సిలికాన్‌కు అది చెల్లదు.

ఇన్ని చెప్పాక నా అభిప్రాయం సూటిగా చెబుతాను. జిగురు ఎంత మంచిదైనా దాన్ని నీళ్లు ఆపడానికే వాడాలి. బరువు మోసే పని వేరేదానికి అప్పగించాలి. ఈ రెండు పనులను ఒకే పదార్థం నెత్తిన పెట్టడమే మన వంటిళ్లలో జరుగుతున్న ప్రధానమైన పొరపాటు. ఆళ్లగడ్డ నుంచి కాస్త దూరంలోనే ఉన్న దిగువ అహోబిలం గుడి మండపంలో నిలబడి తలెత్తి చూస్తే రాతికట్టడం ఈ విషయాన్ని ఎలా పరిష్కరించుకుందో కనిపిస్తుంది. విజయనగర కాలపు ఆ మండపాల్లో దూలం స్తంభం తలమీద కూర్చుంటుంది, పైకప్పు పలక దూలం మీద కూర్చుంటుంది. అతుకు పట్టి వేలాడే రాయి ఒక్కటీ లేదు. బరువు నేలదాకా దిగడానికి దారి ఉంది. మీ సింకు కింద బరువు దిగే దారి ఏదని అడగండి. చాలా ఇళ్లలో జవాబు: లేదు.

దారి వేయడం కష్టమేమీ కాదు. సింకుకు రెండు పక్కలా గట్టును మోసే నిలువు పలకలో, ఇటుక గోడలో ఉంటాయి. వాటి మధ్య రెండు చదరపు ఇనుప గొట్టాలు గానీ, మందపాటి రాతి పట్టీలు గానీ అడ్డంగా వేసి, సింకు అడుగు వాటిమీద ఆనేలా చేయాలి. మధ్యలో 3 మిల్లీమీటర్ల రబ్బరు ముక్క పెడితే తొట్టి వేడికి కదిలినా రాపిడి ఉండదు, గిన్నె పడేసినప్పుడు మోత కూడా తగ్గుతుంది. గొట్టాల చివర్లు గోడలో పూడ్చేయకుండా ఎల్ ఆకారపు బ్రాకెట్ల మీద పెట్టి బోల్టు వేస్తే రేపు సింకు మార్చుకోవాల్సి వచ్చినా ఇబ్బంది లేదు. నాపరాయి పలకకు బోల్టు వేసేటప్పుడు అంచుకు దూరంగా, సుత్తి దెబ్బ లేకుండా డ్రిల్లు ఆడించాలి. పొరలుగా పేరుకున్న రాయి కనుక అంచు దగ్గర అదిరితే పొర లేచిపోతుంది.

అంచు అన్నాక మరో మాట. కొన్నిసార్లు ఊగేది సింకు కాదు, బండే. సింకు కోసం కోసిన రంధ్రం ముందు వైపున నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ మాత్రమే మిగులుతుంది. కటింగ్ మిషన్‌తో కోసిన మూల ఖచ్చితంగా లంబకోణంలో ఉంటే, పైగా బ్లేడు గీత మూల దాటి కొంచెం ముందుకు పోయి ఉంటే, బీట అక్కడి నుంచే బయలుదేరుతుంది. పదునైన మూలల దగ్గర ఒత్తిడి అనేక రెట్లు పెరుగుతుందని ఇంగ్లండుకు చెందిన చార్లెస్ ఇంగ్లిస్ 1913లో గణితంతో చూపించాడు. రాయి నొక్కుడును ఎంతైనా తట్టుకుంటుంది గానీ లాగుడును తట్టుకోలేదు. గుండ్రటి మూల కోయించుకోవడం ఇందుకే అవసరం. అప్పటికే బీట ఉంటే ఎంత సిలికాన్ పూసినా లాభం లేదు, ఆ పట్టీ కింద ఇనుప యాంగిల్ వేసి నిలబెట్టాలి.

ఇదంతా కదలని ఇంటి సంగతి. ఇల్లే కదిలితే? అమెరికాలో ఉన్న మన పిల్లలు సెలవుల్లో ట్రావెల్ ట్రైలరు అద్దెకు తీసుకుని వంట సామానుతో సహా బయల్దేరడం ఇప్పుడు మామూలైంది. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే ఆ చక్రాల ఇంట్లో పడకలు, పొయ్యి, సింకు అన్నీ ఉంటాయి. అక్కడ అలాంటి బళ్ల తయారీకి ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్ పేరుబడ్డ కేంద్రం. మన దేశంలో కేరళ 2021లో కారవాన్ పర్యాటకానికి ప్రత్యేకంగా ఒక పథకం మొదలుపెట్టింది. మన రోడ్ల మీద ఇప్పటికే తిరుగుతున్న దగ్గరి చుట్టం మాత్రం చిన్న ట్రక్కు మీద కట్టిన టిఫిన్ బండి. దానిలోనూ ఓ స్టీలు సింకు ఉంటుంది, అదీ ఊగుతుంది.

చక్రాల మీది సింకుకు శత్రువు ఆమ్లం కాదు, అదురు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు 40వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 40 కిలోమీటర్లు. చుట్టుకొలత 2 మీటర్లున్న చక్రం ఆ దూరంలో 20,000 సార్లు తిరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 11 చుట్లు. చక్రంలో ఏ మాత్రం తూకం తేడా ఉన్నా అన్నిసార్లు బండి అదురుతుంది. గుంతలూ స్పీడు బ్రేకర్లూ దానికి అదనం. బరువు తగ్గించడం కోసం ట్రైలరు గట్టును చెక్కపొట్టు నొక్కి చేసిన పలకతో కట్టి పైన లామినేట్ అతికిస్తారు. సింకును పైనుంచి దించి, కింద చిన్న క్లిప్పులతో ఆ పలకకు బిగిస్తారు. క్లిప్పు మర వదులైతే సింకు లేస్తుంది, అంచున సందు పడుతుంది, నీళ్లు పొట్టుపలకలోకి దిగుతాయి. ఒకసారి తడిసి ఉబ్బిన పొట్టుపలక మళ్లీ మొదటి గట్టిదనానికి రాదు. అందులో మర ఎంత తిప్పినా పట్టు దొరకదు, వట్టిగా తిరుగుతుంది.

బిగించిన మర దానంతటదే ఎందుకు వదులవుతుందన్న ప్రశ్నకు 1969లో జర్మన్ ఇంజినీరు గెర్‌హార్డ్ యుంకర్ మంచి జవాబు ఇచ్చాడు. మర అంటే కడ్డీ చుట్టూ చుట్టిన వాలు. బిగించినప్పుడు ఆ వాలు మీద జారకుండా పట్టి ఉంచేది రాపిడి ఒక్కటే. అదురు మర పొడవునా వస్తే పెద్ద నష్టం లేదు. పక్కవాటుగా, అంటే అటూ ఇటూ వస్తే మాత్రం బిగించిన వస్తువులు ఒకదాని మీద ఒకటి సూక్ష్మంగా జారతాయి. జారుతున్న ఆ క్షణంలో రాపిడి పట్టు సడలుతుంది, మర తన వాలు మీద వెంట్రుకవాసి కిందికి దిగుతుంది. వేలసార్లు అలా జరిగితే నట్టు చేతికి ఊడి వస్తుంది. పక్కవాటు అదురును పుట్టించే యంత్రం ఒకటి ఆయన తయారుచేశాడు. అలాంటి యంత్రాల మీదే పరీక్షిస్తే మనం నమ్మకంగా వేసే స్ప్రింగు వాషరు ఈ సడలింపును ఆపలేదని తేలింది. లోపల నైలాన్ రింగు ఉన్న నట్టు దానికన్నా బాగా నిలుస్తుంది. నట్టు ఎంతో కొంత సడలినా నైలాన్ దాన్ని పూర్తిగా ఊడి రానివ్వదు.

కాబట్టి ట్రైలరులో గానీ టిఫిన్ బండిలో గానీ వదులైన సింకును మళ్లీ అదే రంధ్రంలో అదే స్క్రూతో బిగించి ఫలితం లేదు. అలమర పక్క గోడలకు రెండు వైపులా గట్టి చెక్క పట్టీలు బిగించి, వాటి మీద అడ్డపట్టీ వేసి తొట్టి అడుగును ఆనించాలి. నాపరాయి గట్టుకు చెప్పిన సూత్రమే ఇక్కడా. క్లిప్పుల చోట స్క్రూలకు బదులు పలకను ఆసాంతం దూసుకుపోయే చిన్న బోల్టులు, వెడల్పాటి వాషర్లు, నైలాన్ నట్లు వాడాలి. ఉబ్బిపోయిన పలక భాగాన్ని కోసి తీసి ప్లైవుడ్ ముక్క వేయడం ఉత్తమం. వేస్టు పైపు నిటారుగా బిర్రబిగిసి ఉంటే ప్రతి కుదుపుకూ అది సింకును కిందికి లాగుతుంది, కాబట్టి కొంత వంగే గొట్టం పెట్టి దాని బరువును గోడకు క్లాంపుతో పట్టించాలి. బండి నడిచేటప్పుడు సింకులో గిన్నెలు, నీళ్లడబ్బాలు పెట్టే అలవాటు మానుకోవాలి. గుంతలో పడ్డప్పుడు 10 కిలోల సామాను ఒక్క క్షణం 15 కిలోలై నొక్కుతుంది, వెంటనే పైకి తేలుతుంది. ఆ తేలిక క్షణంలోనే అంచు జారుతుంది.

ఇంటి సింకు దగ్గరికే తిరిగొచ్చి పని వరస చెబుతాను. పైపు విప్పే ముందే తొట్టి కింద చెక్క మొద్దులు గానీ కారు జాకీ గానీ పెట్టండి, లేకపోతే జిగురు వదిలిన సింకు చేతుల మీద పడుతుంది. పాత సిలికాన్‌ను బ్లేడుతో ఒక్క పోగు కూడా మిగలకుండా గీకేయాలి. కొత్త సిలికాన్ పాత సిలికాన్‌కు సరిగ్గా అంటదు. ఈ ఒక్క సంగతి తెలియకనే పై పూతలన్నీ దండగవుతున్నాయి. బండ అడుగున ఉన్న తెల్లపొడిని తీగబ్రష్షుతో గట్టి రాయి తగిలేదాకా తీయాలి. కటింగ్ మిషన్ ధూళి ఏళ్ల కింద బురదగా ఆరి అక్కడే ఉండిపోయి ఉంటుంది, దాన్నీ కడగాలి. తర్వాత ఆరనివ్వాలి. పైకి పొడిగా ఉన్నా రాయి లోపల చెమ్మ దాచుకుంటుంది. ఫ్యాను పెట్టి ఒక రోజంతా వదిలేయడం మంచిది. చివరగా స్పిరిటుతో గానీ ఎసిటోన్‌తో గానీ స్టీలునూ రాతినీ తుడిస్తే నూనె జిడ్డు పోతుంది. వంటింట్లో జిడ్డు లేని చోటు ఉండదు.

ఆనుడు గొట్టాలు ముందు బిగించి, ఎత్తు సరిచూసుకుని, ఆ తర్వాతే జిగురు పూయాలి. గట్టిపడే కాలం విషయంలో చాలామంది తొందరపడతారు. సిలికాన్ ఆరిపోవడం వల్ల గట్టిపడదు, గాలిలో తేమ లోపలికి చేరడం వల్ల గట్టిపడుతుంది. రోజుకు 2, 3 మిల్లీమీటర్ల లోతు మాత్రమే ఆ మార్పు లోపలికి సాగుతుంది. స్టీలు నుంచీ దట్టమైన బండ నుంచీ తేమ పెద్దగా రాదు, పట్టీ రెండు అంచుల నుంచే రావాలి. సెంటీమీటరు వెడల్పు పట్టీకి అంటే ఒక్కో వైపు 5 మిల్లీమీటర్లు, రెండు మూడు రోజులు. వేసవిలో నంద్యాల గాలిలో వేడి ఎక్కువ, తేమ తక్కువ. పైపొర గంటలోపే చేతికి అంటకుండా తయారై లోపల ఇంకా ముద్దగానే ఉంటుంది. అలమరలో వెడల్పాటి గిన్నెతో నీళ్లు పెట్టి తలుపు వేసి ఉంచితే కొంత తేమ అందుతుంది. ఆ రెండు మూడు రోజులూ అంట్లు పెరట్లో తోముకోవడం తప్పదు.

తర్వాత తొట్టిని నిండా నింపి అరగంట వదిలి, కింద అంచు చుట్టూ పొడి టిష్యూ కాగితంతో అద్దుతూ రావాలి. చెమ్మ తగిలిన చోటే సందు. బ్రాకెట్ బోల్టులు ఉన్న చోట, ముఖ్యంగా బండ్ల మీద, నట్టు నుంచి బ్రాకెట్ మీదికి రంగుపెన్నుతో ఒక నిలువు గీత గీయండి. ఫ్యాక్టరీల్లో, విమాన మరమ్మతుల్లో వాడే పద్ధతే ఇది. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత ఒకసారి, ఆపైన ప్రతి పెద్ద ప్రయాణానికీ ముందు ఒకసారి లైటు వేసి చూస్తే చాలు. గీత రెండు ముక్కలుగా పక్కకు జరిగి ఉంటే నట్టు తిరిగిందని అర్థం. దాన్ని మళ్లీ బిగించి ఊరుకోకుండా నట్టు మార్చాలి, ఎందుకంటే ఒకటి రెండుసార్లు విప్పి బిగించిన నైలాన్ రింగుకు మొదటి పట్టు ఉండదు.